మేడ మీది కిటికీల గురించి మా మేనకోడలికి

చిట్టీ,

నిన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేశాడు. మేడ మీద ఇటుక పని మొదలవుతోందట, కిటికీలు మాత్రం నువ్వే చూసుకుంటానన్నావట. విసుక్కుంటున్నట్టు మాట్లాడాడు కానీ గొంతులో సంబరం దాగలేదు. నాకూ సంతోషమే. ఆ తర్వాత నువ్వు వాట్సాప్‌లో పంపిన ఫోటో చూశాను. నేల దగ్గర్నుంచి పైదాకా ఒకటే అద్దం, ఎదురుగా సముద్రం. బాగుంది. అందులో పిల్లలు లేరు, గమనించావా? సోఫా మీద పిల్లి ఒకటుంది. మీ ఇంట్లో ఉన్నది పిల్లి కాదు, రెండేళ్ల చంటోడు.

అందుకే రాత్రంతా నిద్ర పట్టక ఇది రాస్తున్నా.

కిటికీ గట్టు గచ్చు నుంచి 3 అడుగులు ఉండాలి. టైల్స్ వేశాక కొలిస్తే 3 అడుగులు, ఇప్పుడు కొలిస్తే కాదు. మేస్త్రి ఇది మర్చిపోతాడు, నువ్వు మర్చిపోకు. గ్రిల్‌లో ఊచకీ ఊచకీ మధ్య 4 అంగుళాలు దాటకూడదు. ఊచలు నిలువుగా పెట్టించు. అడ్డంగా పెడితే డిజైన్ బాగానే ఉంటుంది, పిల్లాడికి నిచ్చెన వేసిచ్చినట్టు కూడా ఉంటుంది.

ఇక అసలు సంగతి. మీ నాన్న నీకు ఎప్పుడూ చెప్పి ఉండడు, నేను చెప్పొద్దన్నాను కాబట్టి.

1991లో మేము మేడ వేశాం. గ్రిల్ పెడితే జైల్లా ఉంటుందని వద్దన్నది నేనే. మీ మావయ్య రెండుసార్లు అడిగాడు. సముద్రం ముక్కలు ముక్కలుగా కనపడితే ఇంకెందుకు మేడ అన్నాను. కూర్చుని చూసుకోవచ్చని గట్టు కూడా అడుగున్నర ఎత్తులోనే కట్టించా. దోమలకి చెక్క ఫ్రేము మీద నైలాన్ మెష్ కొట్టించాం. అక్కడితో ఆగానా, ఆ కిటికీ కిందే బట్టల ట్రంకుపెట్టె తోశాను.

ఒక సాయంత్రం పీచుమిఠాయి వాడి గంట వినపడింది. మన బుజ్జిగాడికి అప్పుడు మూడేళ్లు. నేను మంచం మీద బట్టలు మడత పెడుతున్నాను, వాడు నాకు నాలుగు అడుగుల దూరంలో ఉన్నాడు. పెట్టె ఎక్కాడు, గట్టు మీద మోకాళ్లు పెట్టాడు, రెండు చేతులూ మెష్‌కి ఆనించాడు. చీర చిరిగినట్టు ఒక్క చప్పుడు. తలెత్తేసరికి కిటికీ ఖాళీ.

కింది కిటికీ సన్‌షేడ్ వాణ్ని ఆపింది. రెండడుగుల సిమెంటు పలక, దాని మీద కూర్చుని గడ్డం పట్టుకుని నా వైపు చూస్తున్నాడు. వంగితే నా చెయ్యి అందలేదు. అరిస్తే లేచి నిలబడతాడేమోనని భయం. అందుకని కోతి, మొసలి కథ మొదలెట్టాను. గొంతు వణక్కుండా, రోజూ పడుకోబెట్టేటప్పుడు చెప్పినట్టే. పక్కింట్లో సున్నాలేస్తున్న అబ్బాయి నిచ్చెన ఎత్తుకుని పరిగెత్తుకొచ్చాడు. కోతి తన గుండె చెట్టు మీద మర్చిపోయానని అబద్ధం చెప్పేదాకా వచ్చాను, అప్పటికి వాణ్ని దించేశాడు. గడ్డానికి మూడు కుట్లు. ఇప్పుడు వాడు గడ్డం పెంచుతున్నది స్టైల్ కోసమని వాళ్లావిడ అనుకుంటోంది. నేను ఏమీ అనను.

దోమల మెష్ దోమల్నే ఆపుతుంది తల్లీ. త్రీ ట్రాక్, అంటే రెండు అద్దం తలుపులూ ఒక మెష్ తలుపూ జరిగే మూడు గాడుల కిటికీ పెట్టిస్తే మెష్ కూడా ఉందిగా అని షాపువాడు అంటాడు. ఆ మాటకి తలూపకు. కిటికీ దగ్గర మంచం, సోఫా, కుర్చీ ఏదీ పెట్టకు. ఎన్నిసార్లు చెప్పానో లెక్కపెట్టకు, ఇంకా చెబుతాను.

ఆ భయంతో మర్నాడే అన్ని కిటికీలకీ ఊచలు వెల్డింగ్ చేయించాం. అదీ తప్పే. ఒకసారి గది గడియ బిగుసుకుపోయి మా అత్తగారు లోపల రెండు గంటలు ఉండిపోయారు. అదే నిప్పంటుకుని ఉంటే? కాబట్టి ఒక్కో గదిలో ఒక గ్రిల్‌కి తలుపూ తాళమూ పెట్టించు. తాళంచెవి ఆ గదిలోనే పెద్దవాళ్లకి అందే మేకుకి తగిలించు.

2014 అక్టోబర్ 12 నీకూ గుర్తుండే ఉంటుంది, హుద్‌హుద్ తుఫాను వచ్చిన ఆదివారం. స్లైడింగ్ కిటికీ ట్రాక్ లోంచి నీళ్లు చిమ్ముతుంటే పాత తువ్వాళ్లన్నీ అక్కడే కుక్కాను. మధ్యలో గాలి ఆగితే అయిపోయిందనుకున్నాం, తర్వాత ఎదురు దిక్కునుంచి కొట్టింది. అందుకే ట్రాక్‌కి నీళ్లు బయటికి పోయే కన్నాలు ఉన్నాయా అని అడుగు. యూపీవీసీ, అదే గట్టి ప్లాస్టిక్ ఫ్రేము అయితే లోపల స్టీలు పెడుతున్నాడో లేదో కోసిన ముక్క చూపించమను. అద్దం టఫెన్డ్ తీసుకో, పగిలితే చిన్న చిన్న పలుకులవుతుంది. కానీ దాన్ని తర్వాత కోయడం కుదరదు, కొలత ముందే సరిచూసుకో. నీకు ఆ పెద్ద అద్దమే కావాలంటే లామినేటెడ్ వేయించు, రెండు అద్దాల మధ్య ప్లాస్టిక్ పొర పెట్టి అతికించినది. పగిలినా మధ్య పొరకి అతుక్కుని ఉంటుంది. దాని ముందు లోపలివైపు రెయిలింగ్ కూడా పెట్టించు. ఉప్పుగాలికి మామూలు ఇనుము నిలవదు. స్టెయిన్‌లెస్ స్టీలు అయితే 304 రకం కంటే 316 రకం మేలు, ధర ఎక్కువే.

అందం అంటావా, పై కిటికీలు కింది కిటికీల వరసలోనే రానీ, బయటినుంచి చూస్తే ఇల్లు కుదురుగా ఉంటుంది. రంగు నీ ఇష్టం. అయినా ఆ నల్ల ఫ్రేము పడమర ఎండకి ఎలా కాలుతుందో ఆలోచించు.

కొటేషన్ మీద సంతకం పెట్టే ముందు నాకు ఫోన్ చెయ్యి. మోకాళ్ల నొప్పి ఉన్నా మెట్లెక్కి వస్తా. టేపు నేనే తెచ్చుకుంటా, మీ మేస్త్రి టేపు మీద నాకు నమ్మకం లేదు. చంటోడికి ముద్దులు.

మీ అత్త