పూటపడే ముందు: సామెతల గ్రంథంపై పాఠకుల ప్రశ్నలు, జవాబులు

విశాఖపట్నం, దాని చుట్టుపక్కల సంఘాల నుండి ఈ మధ్య మాకు అందిన ఉత్తరాలలో బైబిలులోని సామెతల గ్రంథాన్ని గురించిన ప్రశ్నలే ఎక్కువగా ఉన్నందువల్ల, ఈసారి శీర్షికను వాటికే కేటాయిస్తున్నాము. రాసినవారి పేర్లు వారి కోరిక మేరకు ప్రచురించడం లేదు.

ప్రశ్న: నేను ఉక్కు కర్మాగారంలో ఉద్యోగిని. మా సంఘ పెద్దలలో ఒకరు ఇరవై ఐదు నెలల, ఐదు లక్షల రూపాయల చీటీని ఏడవ నెలలో పాడుకున్నారు. డబ్బు చేతికి రావాలంటే జీతం వచ్చే ఉద్యోగి జామీను కావాలని చీటీ కంపెనీవారు అడిగారట. నన్ను సంతకం పెట్టమన్నారు. “ఎదుటివానికొరకు పూటబడినవాడు చెడిపోవును” అన్న సామెతలు 11:15 (పూటపడటం అంటే జామీను ఉండటమే కదా) గుర్తుచేసి నేను వెనుకాడితే, మేలు చేయడం చేతనైనప్పుడు వెనుకతీయవద్దని 3:27 కూడా అదే గ్రంథంలో ఉంది కదా, యేసు ప్రభువే మనకు పూటకాపు కాలేదా అని ఆయన అడిగారు. నా భార్య వద్దంటోంది. నేను వెనుకాడడం అవిశ్వాసమా?
– ఒక సహోదరుడు, గాజువాక

జవాబు: సహోదరుడా, నా అభిప్రాయం ముందే చెబుతాను: ఆ సంతకం పెట్టవద్దు. మీ వెనుకాటు అవిశ్వాసం కాదు. అయితే “వద్దు” అని చెప్పి ఇంటికి వచ్చి తలుపు వేసుకోవడంతో మీ బాధ్యత తీరిపోతుందని కూడా నేను అనుకోవడం లేదు.

మొదట లెక్క చూద్దాం. నెలకు 20,000 రూపాయల చొప్పున ఇంకా 18 వాయిదాలు మిగిలి ఉన్నాయి, అంటే 3,60,000 రూపాయలు. మీరు సంతకం పెట్టేది ఆ మొత్తానికి. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టంలోని 128వ సెక్షను ప్రకారం, ఒప్పందంలో వేరుగా రాసుకుంటే తప్ప, జామీనుదారు బాధ్యత అసలు బాకీదారు బాధ్యతతో సమానం. ముందు బాకీదారు వెంట పడి, అక్కడ రాకపోతేనే మీ గుమ్మం తొక్కాలన్న నియమం కంపెనీకి లేదు. “ఊరికే ఒక సంతకమే కదా” అన్న మాట మన సంఘాలలో ఎంత తేలికగా వినబడుతుందో, దాని వెనుక ఇంత బరువు ఉంది.

గ్రంథకర్తకు ఈ బరువు బాగా తెలుసు. “చేతిలో చెయ్యి వేయువారితోను” అని 22:26లో ఉన్నది ఆనాటి ఒప్పందపు పద్ధతి. ఈనాటి సంతకం చేసే పనిని ఆనాడు చెయ్యి చేసేది. ఆ వెంటనే 27వ వచనం, చెల్లించడానికి నీ దగ్గర ఏమీ లేకపోతే వాడు నీ క్రింద నుండి నీ పరుపు తీసుకుపోవడం ఎందుకని అడుగుతుంది. ఆ పరుపు మాట చదివినప్పుడల్లా నాకు మా ఇల్లు గుర్తుకు వస్తుంది. నా చిన్నతనంలో మా నాన్నగారు ఒక స్నేహితుని చీటీకి జామీను పడ్డారు. మూడు నెలలు తిరగకుండానే ఆ స్నేహితుడు ఊరు విడిచి వెళ్లిపోయారు. మా అమ్మ గాజులు తాకట్టుకు వెళ్లాయి, వెనుక గది అద్దెకు వెళ్లింది, బాకీ తీరడానికి నాలుగేళ్లు పట్టింది. ఆ నాలుగేళ్లూ మా నాన్నగారు మందిరంలో చివరి బల్ల మీద కూర్చునేవారు. డబ్బు పోయిన సిగ్గుతో కాదు; ఎవరైనా ఆ స్నేహితుని పేరెత్తితే తన నోట ఎలాంటి మాట వస్తుందోనన్న భయంతో. జామీను పోగొట్టేది డబ్బును మాత్రమే కాదని నేను ఆ బల్ల దగ్గర నేర్చుకున్నాను.

ఇక ఆ పెద్దమనిషి చూపించిన రెండు మాటలు. 3:27లోని “నీ చేతనైనప్పుడు” అన్న మాటను ఆయన చదివారు గాని, దాని దగ్గర ఆగలేదు. మీ చేతిలో ఉన్నది ఇవ్వకుండా దాచుకోవడాన్ని ఆ వచనం తప్పు పడుతోంది. మీ చేతిలో లేనిదాన్ని ఇస్తానని మాట ఇవ్వమని అది చెప్పడం లేదు. హెబ్రీయులకు 7:22లో యేసు శ్రేష్ఠమైన నిబంధనకు పూటకాపు అయ్యాడని ఉన్నది నిజమే, నాకు ఎంతో ప్రియమైన మాట అది. కానీ ఆయన మొత్తం వెల తెలిసి, చెల్లించగల శక్తి ఉండి, చెల్లించాలనే నిశ్చయంతో పూటపడ్డాడు. బెన్యామీను కోసం పూటపడిన యూదా కూడా ఆ మాట నిలబెట్టుకోవలసిన రోజు వచ్చినప్పుడు, తమ్మునికి బదులు తానే దాసునిగా ఉంటానని ముందుకు వచ్చాడు (ఆదికాండము 44:33). ఫిలేమోను దాసుడైన ఒనేసిము బాకీ ఏదైనా ఉంటే తన లెక్కలో చేర్చమన్న పౌలు, ఫిలేమోనుకు రాసిన ఉత్తరంలో తన స్వహస్తంతోనే ఆ మాట రాశాడు. వీరెవరూ “ఆయనే కట్టుకుంటాడులే, నా దాకా రాదు” అనుకుని పూటపడలేదు.

కాబట్టి మీరు మిమ్మల్ని అడగవలసిన ప్రశ్న “ఆయన నమ్మకస్థుడా” అన్నది కాదు. “ఆయన ఒక్క వాయిదా కూడా కట్టకపోతే, ఈ 3,60,000 రూపాయలు కట్టడానికి నేనూ నా భార్యా ఈ రోజే ఒప్పుకుంటున్నామా” అన్నది. ఒప్పుకుంటే, అది జామీను రూపంలో ఉన్న కానుక. నిర్భయంగా సంతకం పెట్టవచ్చు. ఒప్పుకోకపోతే, కట్టగలనని కాగితం మీద చెప్పి, కట్టలేనని మనసులో అనుకోవడం అవుతుంది. దానిని అబద్ధం అనక తప్పదు, చీటీ కంపెనీ ఎదుట చెప్పినా సరే.

సంతకం కాకపోతే మరి ఏమి చేయాలి? ఆయనను ఇంటికి పిలిచి, భోజనం పెట్టి, అసలు బాకీలు ఎన్ని, ఎవరికి అని నెమ్మదిగా అడగండి. ఒకటి రెండు వాయిదాలకు సరిపడే డబ్బు తిరిగి వస్తుందని ఆశించకుండా ఇవ్వగలిగితే ఇవ్వండి. ఈ ఉత్తరం అచ్చయ్యేలోగా మీరు సంతకం పెట్టేసి ఉంటే, సామెతలు 6వ అధ్యాయం మొదటి ఐదు వచనాలు మీ కోసమే ఉన్నాయి: నిద్రపోకుండా వెళ్లి, తగ్గించుకొని, బతిమాలి, వేటగాని చేతి నుండి లేడి తప్పించుకున్నట్టు తప్పించుకోమంటున్నాయి. డబ్బు విడుదల కాకముందే కంపెనీ కార్యాలయానికి వెళ్లి మాట్లాడండి. విడుదలయ్యాక బయటపడటం చాలా కష్టం.

ప్రశ్న: నా భర్త తాగి వచ్చి నన్ను కొడుతున్నారు. “మృదువైన మాట క్రోధమును చల్లార్చును” (15:1) అన్న వాక్యం పాటించమని, నేను మెత్తగా మాట్లాడితే ఆయన మారతారని స్త్రీల ప్రార్థన కూడికలో పెద్దవారు చెబుతున్నారు. నేను నోరు మెదపకపోయినా దెబ్బలు ఆగడం లేదు. తప్పు నాలోనే ఉందా?
– ఒక సహోదరి, మల్కాపురం

జవాబు: సహోదరీ, తప్పు మీలో లేదు. మాటల వల్ల పుట్టి మాటల వల్ల పెరిగే తగవును గురించి 15:1 చెబుతోంది. చెయ్యి ఎత్తేవాని పాపాన్ని దెబ్బలు తినేవారి నాలుక మీద మోపడానికి ఆ వాక్యం రాయబడలేదు, అలా వాడినవారు వాక్యానికీ మీకూ అన్యాయం చేస్తున్నారు. అదే గ్రంథం 19:19లో “మహా కోపియగువాడు దండన తప్పించుకొనడు. వాని తప్పించినను వాడు మరల కోపించుచునే యుండును” అంటోంది. అంటే అతడు చేసినదాని ఫలితం అతని మీదికి రాకుండా మనం అడ్డుపడితే, అదే పని మళ్లీ చేయవలసి వస్తుందన్నమాట. బుద్ధిమంతుడు అపాయం రావడం చూసి దాగుతాడని 22:3లో ఉంది. కాబట్టి పిల్లలను తీసుకుని పుట్టింటికో, నమ్మకమైన బంధువుల ఇంటికో వెళ్లడం వాక్యాన్ని మీరడం కాదు, పాటించడం.

మహిళల సహాయ నంబరు 181కి గాని, ప్రాణాపాయం ఉన్నప్పుడు 112కి గాని ఫోన్ చేయండి. దెబ్బలకు వైద్యం చేయించుకుని ఆ కాగితాలు దాచండి. 2005 నాటి గృహహింస నిరోధక చట్టం కింద మేజిస్ట్రేటు రక్షణ ఉత్తర్వు ఇవ్వగలరు; ఆ ఇంట్లో నివసించే హక్కు కూడా ఆ చట్టం మీకు ఇస్తుంది. ఈ జవాబు మీ సంఘ కాపరికి చూపించండి. దిక్కులేనివారి పక్షాన నోరు తెరవమని 31:8 ఆజ్ఞాపిస్తున్నది ఆయననే.

ప్రశ్న: “బాలుడు నడువవలసిన త్రోవను వానికి నేర్పుము, వాడు పెద్దవాడైనప్పుడు దానినుండి తొలగిపోడు” (22:6) అని ఉంది. మా అబ్బాయిని సండేస్కూలుకు ఒక్క వారం మానకుండా పంపించాను. ఉద్యోగానికి బెంగళూరు వెళ్లాక మందిరం ముఖం చూడటం లేదు, ప్రార్థన మాట ఎత్తితే ఫోన్ పెట్టేస్తున్నాడు. పెంపకంలో లోపం లేకపోతే వాక్యం ఎందుకు తప్పుతుందని మా ఆడపడుచు అంటోంది.
– ఒక తల్లి, కంచరపాలెం

జవాబు: అమ్మా, మీ ఆడపడుచు సామెతను వాగ్దానంగా చదువుతున్నారు. సామెత అంటే లోకం సాధారణంగా ఎలా నడుస్తుందో గమనించి చెప్పిన మాట. “మొక్కై వంగనిది మానై వంగునా” అని మన పెద్దలు అన్నారు. అలాగని వంచిన ప్రతి మొక్కా మనం అనుకున్న వైపే పెరుగుతుందని ఎవరూ పూచీ ఇవ్వలేదు. చిన్నప్పటి శిక్షణకు ఉన్న బలం ఎంతటిదో 22:6 చెబుతోంది, అది నిజం. అయితే బిడ్డకు తన మనసంటూ ఒకటి ఉంటుందని కూడా ఈ గ్రంథానికి తెలుసు. “నా కుమారుడా, ఆలకింపుము” అని ఇన్నిసార్లు బతిమాలడం ఎందుకు, ఆలకించకపోయే అవకాశం లేకపోతే? తల్లికి దుఃఖం కలిగించే కుమారుని ప్రస్తావన పదవ అధ్యాయం మొదటి వచనంలోనే ఉంది. ఈ గ్రంథం ఎవరి పేరుతో మొదలవుతుందో ఆ సొలొమోను రాజు సొంత కుమారుడైన రెహబాము పెద్దల ఆలోచన తోసివేసి రాజ్యంలో ఎక్కువ భాగం పోగొట్టుకున్న సంగతి 1 రాజులు 12లో చదవండి.

మీ పెంపకంలో పొరపాట్లు ఏవీ లేవని నేను అనను, నా పెంపకంలోనూ ఉన్నాయి. కానీ ఒక వచనాన్ని కొలబద్దగా పట్టుకుని ఒక తల్లిని కొలవడం ఆ వచనం పని కాదు. కొన్నాళ్లు ఫోనులో ప్రార్థన మాట ఎత్తకండి. తిన్నాడా, పని ఎలా ఉంది, గది అద్దె ఎంత అని అడగండి. అతడు చెప్పేది పూర్తిగా వినండి. ప్రార్థన మీరు మానవద్దు, అతనికి వినబడేలా చేయడం మాత్రం మానండి. పండుగకు వస్తే మందిరానికి రమ్మని ఒకసారి అడగండి, రానంటే అన్నం వడ్డించండి. లూకా 15లోని తండ్రి కొడుకును వెతుక్కుంటూ దూరదేశం వెళ్లలేదు గాని, అతడు ఇంకా దూరంగా ఉండగానే చూశాడు. అంటే చూపు దారి మీదే ఉంచాడన్నమాట.

ప్రశ్న: నెలలో ఏ తేదీ అయితే సామెతలలో ఆ అధ్యాయం చదవమని మా యౌవనస్థుల కూడికలో చెప్పారు. మొదలుపెట్టాను గాని పాత తెలుగు కష్టంగా ఉంది, ఒక వచనానికీ మరో వచనానికీ సంబంధం కనబడదు, 26:4, 26:5 ఒకదానికొకటి విరుద్ధంగా కూడా ఉన్నాయి. ఏమి చేయాలి?
– ఒక విద్యార్థిని, ఆంధ్ర విశ్వవిద్యాలయం

జవాబు: 31 అధ్యాయాలు ఉన్నాయి కాబట్టి ఆ పద్ధతి సులభమే. కానీ 10 నుండి 22వ అధ్యాయం మధ్య వరకు ఉన్నవి ఎక్కువగా విడివిడి సామెతలు. ఒక్క రోజు ముప్పై మింగితే ఒక్కటీ ఒంటబట్టదు. మొదటి తొమ్మిది అధ్యాయాలను మీరు చెప్పినట్టే రోజుకొకటి చదవండి. పది నుండి రోజుకు నాలుగైదు వచనాలు చాలు.

మూర్ఖునికి జవాబియ్యవద్దని 26:4, ఇవ్వమని 26:5 చెప్పడం పొరపాటున జరిగినది కాదు. కావాలనే పక్కపక్కన పెట్టారు. ఒకచోట జవాబిస్తే మీరూ అతనిలా అవుతారు, ఇంకోచోట ఇవ్వకపోతే అతడు తనను తాను జ్ఞాని అనుకుంటాడు. ఎదుట ఉన్నది ఏ సందర్భమో గుర్తుపట్టే పని మీకు వదిలేశారు. వాట్సాప్ గుంపులో ఎవరో మీ విశ్వాసాన్ని ఎగతాళి చేసినప్పుడు మౌనంగా ఉండవలసి రావచ్చు. అదే మాట విని మీ స్నేహితురాలు తడబడుతుంటే ఆమె కోసం జవాబు చెప్పవలసి రావచ్చు.

భాష గురించి నాదొక మనవి. 1805లో లండన్ మిషన్ నుండి క్రాన్, డెగ్రాంజెస్ అనే ఇద్దరు మన విశాఖపట్నానికే వచ్చి తెలుగు నేర్చుకున్నారు. ఆనందరాయరు అనే తెలుగు క్రైస్తవుని సహాయంతో సువార్తలను తెలుగు చేయడం ఇక్కడే మొదలైంది. 1812లో శ్రీరాంపూరులో మూడు సువార్తలు అచ్చయ్యే నాటికి వారిద్దరూ జీవించి లేరు. ఈనాడు మనం చదివే అనువాదం తరువాతిదే అయినా, ఆ పని ఆరంభమైన ఊరిలో ఉండి తెలుగు బైబిలును కష్టమని పక్కన పెట్టేయడం నాకు బాధగా ఉంటుంది. తేలిక భాషలో వచ్చిన అనువాదం ఒకటి పక్కన పెట్టుకుని రెండూ కలిపి చదవండి. “పూటపడు” వంటి మాట ఎదురైతే ఇంట్లో అమ్మమ్మనో, సంఘంలో పెద్దవారినో అడగండి.

తేదీల పద్ధతినే కొనసాగిస్తానంటే ఒక్క సంగతి గమనించండి: ఫిబ్రవరిలో చివరి అధ్యాయాలు మీకు ప్రతి ఏడాదీ మిగిలిపోతాయి. పేదరికం గాని ఐశ్వర్యం గాని ఇవ్వక, తగినంత ఆహారం ఇమ్మని ఆగూరు చేసిన ప్రార్థన ఆ 30వ అధ్యాయంలోనే ఉంది. ఈ గ్రంథం మొత్తంలో దేవునితో నేరుగా మాట్లాడిన ప్రార్థన నాకు కనిపించినది అదొక్కటే. ఆ నెల 28న మిగిలిన మూడు అధ్యాయాలూ కలిపి చదవండి.