పని నాది, పేరు ఎవరిది?

ప్రశ్న: నాకు 29 ఏళ్లు. డిప్లొమా చదివాను. చీమకుర్తి దగ్గర ఒక గ్రానైట్ పాలిషింగ్ యూనిట్‌లో ఏడేళ్లుగా క్వాలిటీ చెకింగ్ చూస్తున్నాను. ఏ స్లాబ్ ఎగుమతికి పనికొస్తుందో, ఏది లోకల్‌కి పోవాలో తేల్చేది నేనే. స్లాబ్‌ను తడిపి, ఆ తడి ఆరేదాకా చూడందే ఓకే చెప్పను. నా దగ్గర రెండేళ్లు పని నేర్చుకున్న కుర్రాడు లింక్డ్‌ఇన్‌లో రోజూ ఏదో ఒకటి పెట్టేవాడు. ఇప్పుడు హైదరాబాద్‌లో ఒక ఎక్స్‌పోర్ట్ ఆఫీసులో నా జీతానికి రెట్టింపు తీసుకుంటున్నాడు. 'ఈ రోజుల్లో ఎవరి బ్రాండ్ వాళ్లే కట్టుకోవాలన్నా' అని నాకే సలహా ఇచ్చాడు. మా నాన్న మాత్రం పని వచ్చినవాడు చెప్పుకోనక్కర్లేదంటారు. సొంత డప్పు కొట్టుకోవడం నాకు చేతకాదు. ఇలాగే ఉంటే ఇక్కడే ఉండిపోతానేమోనని టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?
- ఒక పాఠకుడు, చీమకుర్తి

జవాబు: తమ్ముడూ, తడి ఆరేదాకా చూడందే ఓకే చెప్పనన్నారే, ఆ వాక్యాన్ని మూడుసార్లు చదివాను. నాకు రాతిపని తెలియదు. ఒంగోలులో ఆ వ్యాపారంలోనే ఉన్న మా మరిదికి ఫోన్ చేసి అడిగాను. పాలిష్ అయిన నల్లరాయి పొడిగా ఉన్నప్పుడు అద్దంలా మెరుస్తూ ఉంటుందట, వెంట్రుకంత పగులుంటే కంటికి ఆనదట. నీళ్లు పోసి తుడిస్తే పైతడి ముందు ఆరిపోతుంది. పగుల్లోకి దిగిన నీళ్లు మాత్రం ఇంకాసేపు సన్నటి చారలా నిలుస్తాయి. ఆ చార కనిపెట్టకుండా పంపిన స్లాబ్ కంటైనర్‌లోనో, కొన్నవాళ్లు కోసేటప్పుడో విరుగుతుంది. మా మరిది ఇదంతా చెప్పి, 'అట్లా నిలబడి చూసే ఓపిక ఎంతమందికుంది వదినా' అన్నాడు.

మీకున్న పేరు అదే. ఏడేళ్లలో మీ యూనిట్ గేటు బయట ఎంతమందికి అది తెలుసు?

మీ నాన్నగారి మాట తప్పని నేననను. ఆయన కాలంలో, ఆయన ఊళ్లో అది నూటికి నూరుపాళ్లు నిజం. పొగాకు వేలం కేంద్రంలో కొనేవాళ్లు ఆకును చేత్తో పట్టి, రంగు చూసి ధర చెబుతారు. సరుకు ఎదురుగా ఉన్నప్పుడు రైతు నోరు విప్పనక్కర్లేదు. కానీ హైదరాబాద్‌లో కూర్చుని మనిషిని ఎంచుకునేవాళ్లకు మీ స్లాబ్ కనబడదు, మీరు తడి ఆరేదాకా నిలబడటం కనబడదు. వాళ్ల ముందుకు వచ్చేది ఒక కాగితం, లేదా ఫోన్‌లో ఒక పేజీ. అందులో లేనిది వాళ్ల లెక్కలోకి రాదు.

ఇది నేను దెబ్బ తిని తెలుసుకున్నాను. నెల్లూరు జిల్లాలో ఒక రొయ్యల మేత కంపెనీలో 14 ఏళ్లు హెచ్ఆర్‌లో పనిచేశాను. కొత్తగా చేరిన ఫీల్డ్ కుర్రాళ్లకు చెక్ ట్రే చూడటం వచ్చేది కాదు. ట్రేలో మేత పెట్టి చెరువులో దించి, కాసేపాగి పైకి తీసి, ఎంత మిగిలిందో చూసి తర్వాతి మేత ఎంత వేయాలో చెప్పాలి. ఇంగ్లిష్‌లో ఉన్న మాన్యువల్ వాళ్లు తెరిచేవాళ్లే కాదు. నేను ఒక సీనియర్ టెక్నీషియన్‌తో కోవూరు వైపు చెరువు గట్ల మీద రెండు నెలలు తిరిగి, చొక్కా జేబులో పట్టే అట్ట ఒకటి తయారుచేశాను. నాలుగు బొమ్మలు, కింద తేలిక తెలుగు. కుర్రాళ్లు దాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని తిరిగేవాళ్లు. రైతులు కూడా అడిగి తీసుకెళ్లారు.

ఉద్యోగం మానేసిన రోజు సాయంత్రానికల్లా నా ఆఫీసు మెయిల్ ఆగిపోయింది. సిమ్ కూడా కంపెనీదే, ఇచ్చేశాను. నెల తర్వాత ఇంకోచోట ఇంటర్వ్యూలో 'మీరు చేసిన పని ఒకటి చూపించండి' అన్నారు. నా దగ్గర ఆ అట్ట కాపీ ఒక్కటి కూడా లేదు. పాత ఆఫీసుకు ఫోన్ చేస్తే, అది ఇప్పుడు వేరే మేనేజర్ తయారుచేసిందిగా చెలామణి అవుతోందని తెలిసింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆయన మీద కోపం కంటే నా మీద నాకే ఎక్కువ కోపం వచ్చింది. 14 ఏళ్లలో ఒక్క కాగితం మీద కూడా 'ఇది నేను చేశాను' అని రాసి పెట్టుకోలేదు.

కాగితం మీద పడిన పేరుకు ఎంత బలముందో మన ఒంగోలు గిత్తను చూడండి. 19వ శతాబ్దంలో ఆ పశువులు ఓడల్లో బ్రెజిల్ చేరాయి. అప్పట్లో ఒంగోలు నెల్లూరు జిల్లాలో ఉండేది. దాంతో అక్కడ వాటికి 'నెలోర్' అనే పేరు స్థిరపడింది. 1904లో ఒంగోలు గుంటూరు జిల్లాలోకి వెళ్లింది, 1970లో ఒంగోలే కేంద్రంగా వేరే జిల్లా అయింది, అదే ఇప్పటి ప్రకాశం. ఇక్కడ ఇన్ని మార్పులు జరిగినా బ్రెజిల్‌లో లక్షల పశువుల మందలు ఇప్పటికీ నెలోర్ పేరుతోనే పెరుగుతున్నాయి. మీ చీమకుర్తి రాయీ అంతే. విదేశాల్లో వంటింటి గట్టుకు దాన్ని వేయించుకున్నవాళ్లకు బ్లాక్ గెలాక్సీ అన్న వ్యాపారం పేరు తెలుసు, చీమకుర్తి తెలియదు. మీ పని కూడా ఏదో ఒక పేరుతో బయటికి వెళ్తూనే ఉంది తమ్ముడూ. అందులో మీ పేరు కూడా ఉండాలని నా ఆరాటం.

అందుకని ముందు ఒక నోట్‌బుక్ కొనండి. ఆదివారం పూట అరగంట కూర్చుని, ఆ వారం మీరు ఆపిన స్లాబ్ ఏది, ఎందుకు ఆపారు, దాన్ని ఏం చేశారు, ఇవి మాత్రం రాయండి. గొప్పలొద్దు. ఆరు నెలలకు అందులోంచి పది సంగతులు తీస్తే మీ రెజ్యూమే తయారైనట్టే. 'క్వాలిటీ ఇన్‌ఛార్జ్' అనే రెండు మాటలకంటే 'ఎగుమతికి వెళ్లే స్లాబుల్లో సన్న పగుళ్లు పట్టుకోవడంలో ఏడేళ్ల అనుభవం' అంటే చదివేవాడికి మీరెవరో తెలుస్తుంది. లింక్డ్‌ఇన్‌లో మీ పేరు కింద పెట్టాల్సింది ఆ వాక్యమే.

రోజూ పోస్టులు పెట్టమని నేను చెప్పను. నెలకు రెండు చాలు. తడిపిన స్లాబ్ మీద ఆ చార ఎలా నిలుస్తుందో ఒక ఫొటో, కింద ఐదు లైన్లు. మీరు ఒకరికి పని నేర్పుతున్నట్టుగా రాయండి, అప్పుడు డప్పు కొట్టుకుంటున్నాననే మొహమాటమే ఉండదు. ఫొటో పెట్టేముందు మీ ఓనరును అడగండి. కొన్నవాళ్ల పేరు, ధర, రాతి దిమ్మె (బ్లాక్) నంబరు ఎక్కడా కనబడకూడదు. అది నమ్మకానికి సంబంధించిన విషయం, ఒకసారి పోతే తిరిగి రాదు. అలాగే చేసింది చేసినంతే చెప్పండి. హైదరాబాద్ నుంచి చీమకుర్తికి ఒక్క ఫోన్ చేస్తే నిజం తెలిసిపోతుంది, గ్రానైట్ వాళ్లంతా ఒకరికొకరు ఎరికైనవాళ్లే కదా.

ఇంకొకటి, చిన్నదే కానీ మనవాళ్లలో పదిమందికి ఎనిమిదిమంది పట్టించుకోరు. మీ ఉత్తరంలో ఇంటిపేరు ముందుంది, మెయిల్‌లో చివర ఉంది. టెన్త్ సర్టిఫికెట్‌లో ఒకలా, పాన్ కార్డులో ఇంకోలా ఉంటే ఎవరైనా మిమ్మల్ని వెతికినా దొరకరు. ఒకే రూపం ఎంచుకుని అన్నిచోట్లా అదే వాడండి. ఫోన్ నంబరు, మెయిల్ మీ సొంతవై ఉండాలి, కంపెనీవి కాదు. ఎందుకో పైన చెప్పాను.

ఆ కుర్రాడిని దూరం పెట్టకండి. అతను చొరవ చూపించాడు, దక్కింది. ఒకసారి ఫోన్ చేసి వాళ్ల ఆఫీసులో ఎలాంటి మనిషి కోసం చూస్తున్నారో అడగండి. పని నేర్పిన అన్నకు ఆమాత్రం చెప్పడా?

ప్రశ్న: పెళ్లికి ముందు అకౌంట్స్ ఉద్యోగం చేశాను. పాప పుట్టాక ఆరేళ్లుగా ఇంట్లోనే ఉన్నాను. రెండేళ్ల నుంచి మా వీధి తొమ్మిది కొట్లకు జీఎస్టీ రిటర్న్‌లు వేసిపెడుతున్నాను. మళ్లీ ఉద్యోగంలో చేరాలని ఉంది. నెట్‌లో ఫొటో పెట్టడం మా ఇంట్లో ఇష్టం లేదు. ఫొటో లేకుండా ఎవరైనా నమ్ముతారా?
- ఒక పాఠకురాలు, కావలి

జవాబు: నమ్ముతారమ్మా. ఫొటో పెట్టుకోవాలా వద్దా అన్నది మీ ఇష్టం, అది లేకపోయినా పని ఆగదు. నెలనెలా వేసేవాళ్లకు అమ్మకాల వివరాలిచ్చే జీఎస్టీఆర్-1 గడువు తర్వాతి నెల 11వ తేదీ, పన్ను లెక్క చూపే జీఎస్టీఆర్-3బి గడువు 20వ తేదీ. ఈ రెండేళ్లలో ఒక్క గడువు కూడా తప్పలేదా? అయితే ఆ సంగతే మీ రెజ్యూమేలో మొదటి లైను కావాలి. ఆ కొట్లవాళ్లలో ఇద్దరు ముగ్గురిని వాళ్ల లెటర్‌హెడ్ మీద నాలుగు వాక్యాలు రాసివ్వమనండి. ఎప్పటినుంచి చేస్తున్నారు, ఏమేం చేస్తున్నారు, ఆలస్య రుసుము ఎప్పుడైనా పడిందా, ఇవి చాలు. వాళ్ల టర్నోవర్ అంకెలు మాత్రం వద్దు.

ఆరేళ్లూ ఖాళీగా ఉన్నానని మీరే రాసుకోకండి. మొదటి నాలుగేళ్లు పాప పెంపకం, తర్వాత రెండేళ్లు ఇంటినుంచి జీఎస్టీ పని అని ఉన్నదున్నట్టు రాయండి. లెటర్లకు ఈ నెల 20 దాటాక వెళ్లండి, అప్పుడైతే వాళ్లూ తీరిగ్గా ఉంటారు, మీరూ ఉంటారు.