గొంతు అంతంతమాత్రమైన గిటారిస్టు బ్యాండ్‌కి ముందు నిలబడొచ్చా?

మీ సింగర్‌కి ఉద్యోగం వచ్చి ఊరు మారిపోయాడు. మీరు గిటారిస్టు, గొంతు సుమారు. మీరే పాడితే జనం వింటారా, ధైర్యం కోసం అమెరికన్ రాక్ గిటారిస్టు జిమీ హెండ్రిక్స్ తొలి ఆల్బమ్‌ని తలుచుకోవచ్చా అని అడిగారు. వింటారండీ. తలుచుకోవచ్చు కూడా. కాకపోతే ఆ ఆల్బమ్ గురించి అందరూ చెప్పేది ఒకటి, నాకు వినిపించేది ఇంకొకటి.

ఆ ఆల్బమ్ పేరు 'ఆర్ యూ ఎక్స్‌పీరియెన్స్‌డ్'. ఆ పేరు అనగానే ఫజ్ (గిటార్ గరగరలాడే మోత) అంటారు, ఫీడ్‌బ్యాక్ (స్పీకర్ ముందు గిటార్ కూత) అంటారు, టేపు వెనక్కి తిప్పి చేసిన శబ్దాలంటారు. గొంతు ఊసే ఎత్తరు. నన్నడిగితే అది ముందు పాటగాడి ఆల్బమ్, తర్వాతే గిటారిస్టుది.

హెండ్రిక్స్ అంతకుముందు లిటిల్ రిచర్డ్, ఐస్లీ బ్రదర్స్ లాంటి పాటగాళ్ల వెనకాల వాయించినవాడే. 1966లో న్యూయార్క్‌లో 'కేఫ్ వా' అనే క్లబ్బులో సొంతంగా చిన్న గ్రూపు పెట్టుకుని పాడుతుంటే, యానిమల్స్ అనే బ్రిటిష్ బ్యాండ్‌లో బేస్ గిటార్ వాయించే చాస్ చాండ్లర్ చూసి సెప్టెంబరులో లండన్ తీసుకెళ్లాడు. నోయెల్ రెడ్డింగ్ వచ్చింది గిటారిస్టు పని కోసం, చేతిలో పెట్టింది బేస్. డ్రమ్స్‌కి జాజ్ ఒంటబట్టిన మిచ్ మిచెల్. 1967 మేలో బ్రిటన్‌లో ఆల్బమ్ వచ్చి చార్టులో 2వ స్థానం దాకా ఎక్కింది. ఇంత చేసినవాడికీ తన గొంతంటే సిగ్గే. పాడేటప్పుడు ఎవరికీ కనబడకుండా స్టూడియోలో అడ్డుతెరలు కావాలనేవాడని ఇంజినీర్ ఎడ్డీ క్రామర్ చెప్పేవాడు. బాబ్ డిలాన్ గొంతు విన్నాకే తనూ పాడొచ్చన్న ధైర్యం వచ్చిందంటారు.

ఆ ముగ్గురినీ వింటే నాకు బుర్రకథే గుర్తొస్తుంది. మధ్యలో కథకుడు తంబురా మీటుతూ తనే చెబుతాడు, తనే పాడతాడు, అటూ ఇటూ వంతలు అందుకుంటారు. కథకుడి గొంతు తీయగా ఉందా అని ఎవరూ చూడరు. మాట ఆగినచోట తంబురా పలికిందా లేదా అన్నదే లెక్క. 'రెడ్ హౌస్' వినండి, ఒక వరస (లైను) పాడి ఆపుతాడు, మిగతాది గిటార్ చెబుతుంది. పాడేవాడొకడు, వాయించేవాడొకడు అయితే ఆ సందు అంత కచ్చితంగా దొరకదు.

ఇది నాకు పుస్తకాల వల్ల తెలిసింది కాదు. తెనాలి వైపు ఒక ఊళ్లో దసరా పందిట్లో మా ఆర్కెస్ట్రా ప్రోగ్రామ్. మా సింగర్ అదే రాత్రి ఇంకోచోట కూడా ఒప్పుకున్నాడు (పెద్ద సింగర్లకి ఇది మామూలే, అడిగే నాథుడు లేడు). టైమ్ దాటిపోతోంది, కమిటీవాళ్లు స్టేజీ ఎక్కి నిలబడ్డారు. మా కీబోర్డ్ మాస్టారు నావైపు తిరిగి, "ఒరేయ్, నీకు సాహిత్యం వచ్చుగా, పాడెయ్" అన్నాడు. అప్పటిదాకా నా కుర్చీ స్పీకర్ బాక్స్ వెనకాల. ముందుకొచ్చి మైకు పట్టేసరికి గొంతు ఎండిపోయింది. పాడుతూ కార్డ్స్ (పాట కింద ఒకేసారి పలికించే స్వరాల గుత్తులు) వాయించడం నావల్ల కాలేదు. అందుకని పాడేటప్పుడు చెయ్యి ఆపేసి, వరస అయ్యాక మిగిలే ఖాళీలో చిన్న ముక్క వాయించాను. కార్డ్స్ మాస్టారు చూసుకున్నాడు. రెండో చరణానికి జనంలో కబుర్లు తగ్గాయి. పాటయ్యాక ఒక పెద్దాయన స్టేజీ దగ్గరికొచ్చి, "ఆ తీగల వాయిద్యం ఇందాకట్నుంచీ నువ్వేనా బాబూ వాయిస్తుంది?" అని అడిగాడు. ఇందాకట్నుంచీ నేనే. కాకపోతే సౌండ్ ఆయన నా ఫేడర్ (మిక్సర్ మీద సౌండ్ పెంచే మీట) పైకి తోసింది నేను పాడటం మొదలెట్టాకే! మన దగ్గర గిటార్‌కి ఇదే గతి. వెనకాల కూర్చుంటే ప్యాడ్స్ (ఎలక్ట్రానిక్ డ్రమ్స్) మోతలో కలిసిపోతుంది. సినిమా పాటల్లోనూ అంతే, ఆ ముక్క వాయించినదెవరో పోస్టర్ మీద ఎప్పుడైనా చూశారా? కాసేపటికి మా సింగర్ చెమటలు తుడుచుకుంటూ వచ్చి మైకు లాక్కున్నాడు. నేను మళ్లీ బాక్స్ వెనక్కి, ఫేడర్ మళ్లీ కిందికి.

ఇంకో మంట కూడా ఉంది. ఈ ఆల్బమ్ ఆగస్టులో అమెరికాలో వచ్చినప్పుడు 'పర్పుల్ హేజ్' లాంటి సింగిల్స్ (విడిగా రికార్డుగా వచ్చిన పాటలు) పెట్టడం కోసం మూడు పాటలు పీకేశారు. పీకినవాటిలో 'రెడ్ హౌస్' ఒకటి! అతను పాటగాడని అన్నిటికన్నా గట్టిగా చెప్పే పాటే అది. హెండ్రిక్స్ గొంతు గురించి ఎవరూ మాట్లాడకపోవడానికి సగం కారణం ఇదేనని నా నమ్మకం. తర్వాతి సీడీల్లో అన్నీ కలిపేశారు గానీ, అప్పటికే జనం మనసులో ముద్ర పడిపోయింది.

మీ సంగతికొస్తే, సింగర్ పాడిన పాటలు అదే శ్రుతిలో పాడకండి, మీ గొంతుకి సరిపడేదాకా దించుకోండి. 'మానిక్ డిప్రెషన్' లాంటి తిశ్రం నడకవి మొదట్లో ముట్టుకోవద్దు, పాడుతూ ఆ రిఫ్ (మళ్లీ మళ్లీ వచ్చే గిటార్ ముక్క) వాయించడం చాలా కష్టం. వరసకీ వరసకీ మధ్య జాగా ఉన్న పాటలు తీసుకోండి. మీరు పాడుతున్నప్పుడు కార్డ్స్ పట్టే మనిషి లేకపోతే బేసిస్టుని ముందే కూర్చోబెట్టి ప్రాక్టీస్ చేయించండి. సౌండ్ చెక్‌లో గిటార్ లెవెల్ ఎక్కడుందో మీరే దిగి వెళ్లి చూసుకోండి, సౌండ్ ఆయన "అంతా ఓకే సార్" అన్నా సరే.