ఆర్‌వో పొర ఎందుకు మూసుకుపోతుంది?

ప్రశ్న: మా ఊళ్లో బోరు నీటిని శుద్ధి చేసే ఆర్‌వో ప్లాంటులో ఏడాది తిరగకుండానే నీటి ధార తగ్గిపోయింది. పొర రంధ్రాలను ల్యాబులో కొలిపిస్తే కారణం తెలుస్తుందా?
– ఒక పాఠకుడు, నల్గొండ జిల్లా

జవాబు: తెలియదు. ఆర్‌వో పొరకు జల్లెడలాంటి రంధ్రాలు ఉండవు. పాలిఎమైడ్ అనే ప్లాస్టిక్ పూతలోని అణువుల సందుల గుండా నీరు వ్యాపించి అవతలికి చేరుతుంది. రంధ్రాల కొలత మైక్రోఫిల్ట్రేషన్, అంతకన్నా సన్నని రంధ్రాలుండే అల్ట్రాఫిల్ట్రేషన్ వడపోత పొరలకు వర్తించే విషయం. మొదటి రకంలో తడిపిన పొరపై గాలి పీడనాన్ని పెంచుతూ తొలి బుడగ ఎప్పుడు వస్తుందో చూస్తారు. రెండో రకంలో డెక్స్‌ట్రాన్ (చక్కెర అణువుల గొలుసు) వంటి పదార్థం ఏ అణుభారం వద్ద 90 శాతం ఆగిపోతుందో లెక్కిస్తారు.

మీరు ముందుగా నీటి ఉష్ణోగ్రత చూడండి. ఒక్కో డిగ్రీ చల్లబడితే ధార సుమారు 3 శాతం తగ్గుతుంది కనుక, చలికాలపు తగ్గుదలకు పొరను నిందించడం అన్యాయం. అది కారణం కాకపోతే గొట్టాలు విప్పించి, మొదటి పొర ముందు అంచునూ చివరి పొర వెనుక అంచునూ పరిశీలించండి. ముందు వైపు జిగురు, దుర్వాసన ఉంటే సూక్ష్మజీవుల పొర పట్టినట్టు. చివర గరుకైన తెల్లని పొడి ఉండి, దానిపై ఆమ్లపు చుక్క వేయగానే నురగ వస్తే అది కాల్షియం కార్బొనేట్.

పొడికి సిట్రిక్ ఆమ్లం, జిగురుకు క్షార ద్రావణం వాడాలి. జిగురు ఉన్నచోట ముందే ఆమ్లం పోస్తే అది మరింత గట్టిపడవచ్చు. కార్బొనేట్ పదే పదే పేరుకుంటుంటే, వృథా నీటిని మిగుల్చుదామని ఆ నీరు బయటికి పోయే రిజెక్టు వాల్వును మరీ బిగించారేమో చూడండి; అలా చేస్తే లోపలి నీటిలో లవణాలు చిక్కబడి పేరుకుంటాయి. మా అనుమానం దానిమీదే.