యాషికా మ్యాట్ 124జి: మొదటి ఫోటో ఎందుకు ఖాళీగా వస్తుంది?

ఈ ఫిల్మ్ కెమెరాలో 12 ఫోటోల రోల్ వేస్తే మొదటిది రాలేదంటే, లోపం దాదాపు ఎప్పుడూ ఫిల్మ్ ఎక్కించడంలోనే ఉంటుంది.

ముందు వెనకమూత లోపలి ప్రెషర్ ప్లేట్ (ఫిల్మ్‌ను చదునుగా అదిమిపట్టే పలక) 120 మీద, అంటే 12 ఫోటోల రోల్ రకం మీద, ఉందో లేదో చూడండి. కొత్త రోల్ కింది గదిలో, ఖాళీ స్పూల్ (ఫిల్మ్ చుట్టుకునే కండె) పైగదిలో పెట్టాలి. ఫిల్మ్ వెనక ఉండే కాగితం నల్లవైపు లెన్సుకేసి ఉండాలి. కొసను స్పూల్ చీలికలో దూర్చి, వేలితో రోల్‌ను కాస్త అదిమిపట్టి క్రాంక్ (ఫిల్మ్‌ను చుట్టే పిడి) మెల్లగా తిప్పండి. ఈ బిగువు ముఖ్యం: వదులుగా చుట్టుకుంటే అంచుల్లోంచి వెలుతురు దూరి ఫిల్మ్ పాడవుతుంది.

కాగితం మీది బాణం, కెమెరాలో పక్కనున్న స్టార్ట్ గుర్తుకు సరిగ్గా ఎదురు రాగానే ఆపి మూత వేయండి. ఆ తర్వాత క్రాంక్ దానంతటదే ఆగేదాకా తిప్పితే ఫోటోల కౌంటర్ 1 చూపిస్తుంది. ఫిల్మ్ ఎక్కడ మొదలైందో ఈ కెమెరా తనంతట పసిగట్టలేదు, ఆ గుర్తు నుంచే దూరం కొలుస్తుంది. బాణం గుర్తును చేరకముందే మూత వేస్తే మొదటి ఫ్రేమ్ ఉత్త కాగితం మీద పడుతుంది. దాటిపోతే చివరి ఫ్రేమ్‌కు ఎసరు.

ఎండలో మాత్రం ఎక్కించకండి, నీడ చూసుకోండి.