వేలూరు వాళ్ళ 'స్టాండర్డు' ఎక్కడిది?

ప్రశ్న: మాస్టారూ, మాది పలమనేరు. మా ఆడబిడ్డను వేలూరికి ఇచ్చాం. వాళ్ళ పిల్లలు 'ఫిఫ్త్ స్టాండర్డ్' అంటారు, మా పిల్లలు 'ఫిఫ్త్ క్లాస్' అంటారు. ఈ స్టాండర్డ్ అనేది విక్టోరియా రాణి కాలంలో ఇంగ్లండులో బడుల తనిఖీ కోసం పుట్టిందని మా ఆయన చెబుతున్నారు. ఆయనా టీచరే. ఇన్‌స్పెక్షన్ అంటే వారం ముందు నుంచే టెన్షన్. ఆయన చెప్పింది నిజమేనా, నన్ను ఆట పట్టిస్తున్నారా?
– ఒక పాఠకురాలు

జవాబు: ఆట పట్టించడం కాదమ్మా, నిజమే. 1862లో అక్కడ విద్యాశాఖ చూసే రాబర్ట్ లో (Lowe) అనే ఆయన 'రివైజ్డ్ కోడ్' అని, బడుల గ్రాంటుకి కొత్త నిబంధనలు తెచ్చాడు. చదవడం, రాయడం, లెక్కలు, ఈ మూడింటినీ 6 మెట్లుగా విడగొట్టి ఒక్కో మెట్టుకి 'స్టాండర్డ్' అని పేరు పెట్టారు. ఒకటో స్టాండర్డు పిల్లవాడు 20 దాకా అంకెలు గుర్తుపట్టాలి, పలక మీద అక్షరాలు రాయాలి. ఆరో స్టాండర్డు వాడు వార్తాపత్రికలో ఒక పేరా చదవాలి.

అంతవరకైతే బాగానే ఉంది. చిక్కంతా డబ్బుతో వచ్చింది. ఆరేళ్ళు దాటిన పిల్లవాడికి సర్కారు ఇచ్చే గ్రాంటులో 8 షిల్లింగులు పరీక్షకే ముడిపెట్టారు. ఇన్‌స్పెక్టరు ఏడాదికొకసారి వచ్చి పిల్లల్ని ఒక్కొక్కరినే పిలిచి అడుగుతాడు. ఒక్క సబ్జెక్టు తప్పితే 2 షిల్లింగుల 8 పెన్నీలు కోత (షిల్లింగుకి 12 పెన్నీలు). మూడూ తప్పితే 8 షిల్లింగులూ పోయినట్టే. ఆ డబ్బు అందేది బడి నడిపేవాళ్ళకే అయినా, చాలాచోట్ల మాస్టారి జీతం దాన్ని బట్టే ఉండేది.

పల్లెటూరి బడికి ఇంకో బాధ. పరీక్షకి కూర్చోవాలంటే పొద్దుటిపూట, మధ్యాహ్నంపూట వేరువేరుగా లెక్కేసి 200 పూటలకు పైగా బడికి వచ్చి ఉండాలి. కోతలొస్తే పిల్లలు పొలంలో, బంగాళాదుంపలు తవ్వేటప్పుడు పొలంలో, విత్తనాలు చల్లాక కాకుల్ని తోలడానికీ పొలంలోనే. మనకి చెనిక్కాయలు పీకే రోజుల్లో బడి ఎట్లుంటుందో మీకు నేను చెప్పాలా? మాస్టారు దీన్నంతా 'లాగ్‌బుక్'లో రోజూ రాయాలి. గట్టి అట్టతో, 500 గీతల పేజీలకు తగ్గకుండా ఉండాలని దానికీ ఒక రూలు! అందులో సొంత అభిప్రాయాలు రాయకూడదని ఇంకో రూలు. ఆ రెండో రూలు పెట్టినవాడు మాస్టర్లని బాగా ఎరిగినవాడే.

ఫలితం ఏమైందంటారా? పిల్లలు చదవడం మానేసి వల్లించడం మొదలుపెట్టారు. మాథ్యూ ఆర్నాల్డ్ అని పెద్ద కవి, ఆయన ఉద్యోగం బడుల ఇన్‌స్పెక్టరే. నిజంగా చదవడం రాకుండానే ఈ పరీక్ష గట్టెక్కించవచ్చని ఆయనే తన రిపోర్టుల్లో మొత్తుకున్నాడు. 1890ల్లో గానీ ఆ పద్ధతి పోలేదు. ఈలోగా మద్రాసు ప్రెసిడెన్సీలోనూ ఫలితాన్ని బట్టి గ్రాంటు అనేది నడిచింది. అప్పటికి చిత్తూరు జిల్లా లేదు, మనం ఉత్తర ఆర్కాటులో ఉన్నాం. 1911లో విడిపోయి మనం 'క్లాసు' వాళ్ళమయ్యాం, వేలూరు వాళ్ళు 'స్టాండర్డు'లోనే ఉండిపోయారు అని నేను సరదాగా అంటుంటాను. దాన్ని మాత్రం చరిత్ర అనుకోకండి.

వల్లించడం గురించి నాకు బాగా తెలుసు. 1974లో పుత్తూరు దగ్గర ఒక ఏకోపాధ్యాయ బడిలో ఉన్నాను. డి.ఐ. గారు, అంటే బడుల డిప్యూటీ ఇన్‌స్పెక్టరు, వస్తున్నారని కబురందింది. మూడో తరగతి వాచకంలో ఒకే పాఠం పదిరోజులు రుద్దించాను. ఆయన వచ్చారు, ఒక పిల్లవాణ్ణి లేపారు. వాడు గడగడా చదివేశాడు. ఆయన పేజీ మధ్యలో 'గాదె' అన్న మాట మీద వేలు పెట్టి, "ఇదేమిట్రా?" అన్నారు. వాడు ఆ వేలి వంక చూడనే లేదు. కళ్ళు మూసుకుని, పెదవులు మాత్రం కదుపుతూ పాఠం మొదటి నుంచీ లోలోపల అందుకున్నాడు. ఆయన వేలు తియ్యకుండా అట్లాగే నిలబడ్డారు. చాలాసేపటికి వాడు ఆ మాట దగ్గరికి చేరి, "గాదె సార్!" అని అరిచాడు. ఆయన నా వైపు ఒకసారి చూసి, విజిట్ బుక్కులో 'పఠనం తృప్తికరం' అని రాసి సంతకం పెట్టారు. నా జీతంలో పైసా తగ్గలేదు. వాడి ముఖం చూడ్డానికి మాత్రం నాలుగు రోజులు పట్టింది.

మీ వారికి నా నమస్కారం చెప్పండి. వారం ముందు నుంచీ టెన్షన్ అంటున్నారు కదా, ఈసారి ఏ పాఠం రుద్దిస్తున్నారో మెల్లగా అడిగి చూడండి.