రన్నింగ్-ఇన్‌లో (కొత్త ఇంజిన్ కుదురుకునే దశలో) తిరుమల ఘాట్ ఎక్కొచ్చా? (సమాధానం)

అన్నా, కొత్త హ్యుందాయ్ ఐ20 ఎన్ లైన్ మాన్యువల్ కారు 300 కిలోమీటర్లే తిరిగింది, ఇంట్లోవాళ్లతో తిరుమల ఎక్కితే ఇంజిన్‌కు దెబ్బా అని అడిగారు కదా. నిరభ్యంతరంగా ఎక్కండి, గేరు మాత్రం చూసుకోండి.

సిలిండర్ గోడ మీద సన్నటి అడ్డగీతలుంటాయి. పిస్టన్ రింగులు వాటికి రాసుకుని కుదురుకోవాలంటే మోస్తరు లోడు, మారుతుండే వేగం కావాలి. అందుకే మొదటి 1000 కిలోమీటర్లు 2000–4000 ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజిన్ తిరిగే చుట్లు) మధ్య నడపమంటారు. హెయిర్‌పిన్‌లో మూడో గేరు మీద 1400 ఆర్‌పీఎంకు పడిపోయి బండి దడదడలాడుతుంటే యాక్సిలరేటర్ తొక్కకండి. మలుపుకు ముందే రెండో గేరు వేసేయండి. తక్కువ ఆర్‌పీఎంలో పై గేరు మీద బలవంతంగా లాగించడమే చిన్న టర్బో (ఇంజిన్‌లోకి గాలిని ఒత్తి పంపే పరికరం) ఇంజిన్‌కు అసలు ప్రమాదం.

అలిపిరి దగ్గరే టెంపరేచర్ గేజ్ మధ్యకొచ్చినా ఆయిల్ ఇంకా వేడెక్కదు. ఊళ్లో ఓ పది నిమిషాలు తిప్పి బయల్దేరండి. పైకి చేరాక ఒక నిమిషం ఐడిల్‌లో ఉంచి ఆపండి, టర్బో చల్లబడుతుంది. దిగేటప్పుడు రెండో గేరే. కొత్త బ్రేక్ ప్యాడ్లు ఇంకా కుదురుకోలేదు, అదేపనిగా తొక్కితే కమురు వాసనొస్తుంది.

చిత్తూరు రోడ్డు మీద క్రూజ్ కంట్రోల్ (వేగాన్ని ఒకేలా పట్టి ఉంచేది) వద్దు. 60కి, 90కి మధ్య మారుస్తూ పోండి. 500 కిలోమీటర్లకోసారి ఇంజిన్ ఆపి, సమతలం మీద పది నిమిషాలాగి డిప్‌స్టిక్‌తో ఆయిల్ మట్టం చూడండి.